అనార్కలి సినిమాల్లో అసలు దోషి ఎవరు? నూజివీడు అక్బర్ నుంచి లాహోర్ సమాధి దాకా

పోయిన ఈద్ రాత్రి నల్లజర్లలో మా చుట్టాలింట్లో అందరం కూర్చుని టీవీలో ‘మొఘల్-ఎ-ఆజమ్’ చూశాం. షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయ్యాయి కానీ సినిమా అవలేదు. అనార్కలి చుట్టూ గోడ కడుతుంటే ఏడో క్లాసు చదివే పాప అడిగింది: ‘అక్బర్ బాద్‌షా నిజంగానే ఇలా చేశాడా?’ దాదీ ‘అవును బేటా, లాహోర్‌లో సమాధి కూడా ఉంది’ అన్నారు. పాప వాళ్ల అబ్బా ‘అంతా సినిమా వాళ్ల కల్పన’ అన్నాడు. చివరికి అందరూ నా వైపు తిరిగారు, రిపోర్టర్‌వి కదా నువ్వే చెప్పు అని.

ఆ రాత్రి నేను సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత చదివి, అడిగి, పాత సినిమాలు మళ్లీ చూసి తెలుసుకున్నది ఇక్కడ వరసగా పెడుతున్నాను. మీ ఇంట్లో కూడా ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది.

కథ ఏమిటి?

అందరికీ తెలిసిన కథే. అక్బర్ కొడుకు సలీం దర్బారులోని ఒక కనీజ్‌ని ప్రేమిస్తాడు. ఆమెకు అనార్కలి, అంటే దానిమ్మ మొగ్గ అని పేరు. కాబోయే బాద్‌షా ఒక దాసీని పెళ్లి చేసుకోవడమేమిటని తండ్రి ఒప్పుకోడు. కొడుకు తిరగబడతాడు. ఆ అమ్మాయిని బతికుండగానే గోడలో పెట్టి కట్టేయమని తండ్రి హుకుం ఇస్తాడు.

దీన్ని ప్రేమకథ అంటాం. కానీ జాగ్రత్తగా చూస్తే ఇందులో ఎక్కువ భాగం తండ్రి కథ. ఎన్నో మొక్కుల మీద పుట్టిన ఒక్కగానొక్క కొడుకు. వాడి మీద ప్రాణం. అయినా వాడి సంతోషాన్ని తన చేత్తోనే తీసేయాల్సిన పరిస్థితి. ఆ పరిస్థితి నిజంగా వచ్చిందా, ఆయనే తెచ్చుకున్నాడా అన్నదే ఈ సినిమాలన్నీ అడిగే ప్రశ్న.

మన తెలుగు అనార్కలి, 1955

హిందీ ‘మొఘల్-ఎ-ఆజమ్’ కంటే ఐదేళ్ల ముందే తెలుగులో ‘అనార్కలి’ వచ్చింది. అంజలీ పిక్చర్స్ వాళ్లు తీశారు. దర్శకుడు వేదాంతం రాఘవయ్య, సంగీతం పి. ఆదినారాయణరావు. అనార్కలిగా అంజలీదేవి, సలీంగా అక్కినేని నాగేశ్వరరావు, అక్బర్‌గా ఎస్.వి. రంగారావు నటించారు.

ఇందులో మన ప్రాంతం వాళ్లు చెప్పుకోదగ్గ విషయం ఒకటుంది. ఎస్వీ రంగారావు పుట్టింది నూజివీడులో, 1918 జూలై 3న. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చింది. అంటే నల్లజర్ల నుంచి బయల్దేరి ఏలూరు మీదుగా వెళ్తే, తెలుగువాళ్లకు తెరమీద మొట్టమొదట గుర్తుండిపోయిన అక్బర్ బాద్‌షా పుట్టిన ఊరు వచ్చేస్తుంది. సలీంగా చేసిన అక్కినేనిది కూడా దూరమేం కాదు. ఆయనది కొల్లేటికి అవతల, గుడివాడ దగ్గర రామాపురం.

ఇంకో సంగతి. సినిమా వచ్చేనాటికి రంగారావు వయసు 36 ఏళ్లు. కొడుకుగా చేసిన నాగేశ్వరరావుకీ ఆయనకీ మధ్య తేడా ఐదారేళ్లే. అయినా సినిమా చూస్తే ఎవరికీ ఆ అనుమానం రాదు. నిలబడిన తీరు, మాట ఆపి ఆపి పలికే పద్ధతి, కొడుకు వైపు చూసే చూపు, అన్నిటా ఆయన తండ్రే. పన్నెండేళ్ల తర్వాత, 1967లో ‘భక్త ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడుగానూ ఆయనే చేశారు. కథలు వేరు, మతాలు వేరు. కానీ రెండు చోట్లా కొడుకు తన మాట వినకపోతే తట్టుకోలేని తండ్రే కనిపిస్తాడు. తెలుగు తెర మీద ఆ తండ్రికి ఒక ముఖం ఉందంటే అది నూజివీడు ముఖం.

ఈ సినిమా పాటల్లో జిక్కి గొంతు బాగా పేరు తెచ్చుకుంది. 1953లో హిందీలో వచ్చిన ‘అనార్కలి’కి సి. రామచంద్ర సంగీతం ఇచ్చారు. ఆ బాణీ ఒకటి తెలుగులోకి కూడా వచ్చింది. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మొఘల్-ఎ-ఆజమ్, 1960

కె. ఆసిఫ్ ఈ సినిమా మొదలుపెట్టింది 1940లలో. అప్పుడు అక్బర్ వేషానికి చంద్రమోహన్‌ని, అనార్కలికి నర్గీస్‌ని అనుకున్నారు. దేశ విభజనతో డబ్బు పెట్టే నిర్మాత షిరాజ్ అలీ హకీం పాకిస్తాన్ వెళ్లిపోయారు. 1949లో చంద్రమోహన్ చనిపోయారు. తర్వాత షాపూర్జీ పల్లోంజీ డబ్బు పెట్టడంతో కొత్త నటులతో మళ్లీ మొదలైంది. అక్బర్‌గా పృథ్వీరాజ్ కపూర్, సలీంగా దిలీప్ కుమార్ (అసలు పేరు యూసుఫ్ ఖాన్), అనార్కలిగా మధుబాల (అసలు పేరు ముంతాజ్ జహాన్ బేగం), జోధాబాయిగా దుర్గా ఖోటే.

1960 ఆగస్టు 5న బొంబాయి మరాఠా మందిర్‌లో సినిమా విడుదలైంది. నౌషాద్ సంగీతం, షకీల్ బదాయూనీ పాటలు. మాటలు రాసింది నలుగురు: అమాన్, కమాల్ అమ్రోహీ, ఎహ్సాన్ రిజ్వీ, వజాహత్ మీర్జా. సినిమా ఎక్కువ భాగం నలుపు తెలుపు. అద్దాల మహల్ పాట లాంటి కొన్ని భాగాలు మాత్రం రంగుల్లో తీశారు. 2004 నవంబర్‌లో సినిమా మొత్తానికి రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు. ఇప్పుడు టీవీలోనూ ఫోన్లలోనూ మనం చూసేది ఎక్కువగా ఆ రంగుల కాపీయే.

కథలో ఒక బాకీ ఉంది

నేను బీకాం చదివినవాణ్ణి, కాబట్టి ఇలా అనిపించిందేమో. ‘మొఘల్-ఎ-ఆజమ్’ మొత్తం ఒక బాకీ మీద నడుస్తుంది.

సినిమా మొదట్లో అక్బర్‌కి పిల్లలుండరు. దర్గాకి వెళ్లి దువా చేస్తాడు. కొడుకు పుట్టాడన్న ఖుష్ ఖబరీ మోసుకొచ్చేది ఒక దాసీ. ఆ సంతోషంలో అక్బర్ తన ఉంగరం తీసి ఆమెకిస్తాడు. జీవితంలో ఎప్పుడైనా సరే, ఏదడిగినా ఇస్తానని మాటిస్తాడు. ఆమె ఆ రోజు ఏమీ అడగదు.

ఏళ్లు గడుస్తాయి. ఆ దాసీ కూతురే నాదిరా, అదే అనార్కలి. అంటే తండ్రి అయిన రోజున అక్బర్ ఎవరికి బాకీ పడ్డాడో, ఆమె బిడ్డనే ఇప్పుడు చంపమని హుకుం ఇస్తున్నాడు. అనార్కలి చేసిన తప్పేమిటంటే సలీంని ప్రేమించడం. సలీంకి మరణశిక్ష వేసినప్పుడు అతని బదులు తాను చస్తానని ముందుకొచ్చేది కూడా ఆమే.

చివరికి తల్లి ఉంగరం పట్టుకుని వస్తుంది. బాకీ తీర్చమంటుంది. అక్బర్ మాట తప్పలేడు, హుకుం వెనక్కి తీసుకోలేడు. అందుకే గోడ వెనక నుంచి సొరంగంలో తల్లీకూతుళ్లను రహస్యంగా పంపేస్తాడు. షరతు ఏమిటంటే వాళ్లు రాజ్యం వదిలి వెళ్లిపోవాలి, ఆమె బతికుందని సలీంకి ఎప్పటికీ తెలియకూడదు.

మా ఇంట్లో అందరూ ఇక్కడ ‘హమ్మయ్య’ అన్నారు. అమ్మాయి బతికింది, బాద్‌షా మంచివాడే అని. నాకు మాత్రం అక్కడే గుండె బరువెక్కింది. అక్బర్ ఆమె ప్రాణం తీయలేదు. కానీ కొడుక్కి ఆమె చచ్చిపోయినట్టే. తండ్రి తన న్యాయాన్ని కాపాడుకున్నాడు, ఇచ్చిన మాటా కాపాడుకున్నాడు. వీటికి ఖర్చంతా కొడుకు ఖాతాలో రాశాడు. ఆ అబద్ధం మోస్తూ తండ్రి బతకాలి, ఆ దుఃఖం మోస్తూ కొడుకు బతకాలి. సినిమా అక్బర్‌ని గొప్పవాడిగానే చూపించింది. కానీ నిర్దోషి అని మాత్రం చెప్పలేదు.

‘ఇన్సాఫ్’ అనే మాట ఈ సినిమాలో చాలాసార్లు వినిపిస్తుంది. ఖాందాన్ పరువు అనే మాట అంతగా వినిపించదు. కానీ అక్బర్ అడ్డు చెప్పడానికి మొదటి కారణం ఇన్సాఫ్ కాదు, ఆమె కనీజ్ కావడం. ఆ తర్వాతే అది రాజ్యం గొడవ అయింది. ఈ వరస గమనిస్తే సినిమా వేరేగా కనిపిస్తుంది.

అక్బర్ సలీం అనార్కలి, 1979

తెలుగులో ఈ కథను మళ్లీ తీసింది ఎన్.టి. రామారావు. ‘అక్బర్ సలీం అనార్కలి’కి దర్శకుడూ ఆయనే, అక్బరూ ఆయనే. సలీంగా ఆయన కొడుకు బాలకృష్ణ, అనార్కలిగా దీప. అంటే తెర మీద తండ్రీకొడుకులు నిజంగానే తండ్రీకొడుకులు.

సంగీతం సి. రామచంద్ర. 1953 హిందీ అనార్కలికి పాటలు కట్టిన మనిషే 26 ఏళ్ల తర్వాత అదే కథకు తెలుగులో పాటలు కట్టారు. పాటలు రాసింది సి. నారాయణరెడ్డి. ఆయన ఉర్దూ మీడియంలో చదువుకున్నవారు కాబట్టి గజల్ పద్ధతి తెలుగులోకి తేవడం ఆయనకు కొత్త కాదు. సలీంకి మహమ్మద్ రఫీ పాడారు. రఫీ తెలుగు వినాలంటే ఈ సినిమా పాటలు వినండి. ఆ తర్వాతి ఏడాదే ఆయన చనిపోయారు. మా ఇళ్లలో పెద్దవాళ్లకి ‘మొఘల్-ఎ-ఆజమ్’ పాటలెంత ఇష్టమో ఇవీ అంతే ఇష్టం.

మరి చరిత్రలో ఏముంది?

పాప అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు. అక్బర్ కాలం గురించి అబుల్ ఫజల్ రాసిన ‘అక్బర్‌నామా’లో అనార్కలి లేదు. సలీం బాద్‌షా జహంగీర్ అయ్యాక తన చేత్తో రాసుకున్న ఆత్మకథలో కూడా ఆమె పేరు లేదు. తన తాగుడు గురించి, నల్లమందు అలవాటు గురించి దాచకుండా రాసుకున్న మనిషి ఆయన.

ఈ కథ మొదట కనిపించేది బయటివాళ్ల రాతల్లో. 1611లో లాహోర్ వచ్చిన విలియం ఫించ్ అనే ఇంగ్లిష్ వర్తకుడు అక్కడ కడుతున్న ఒక సమాధి గురించి, దాని వెనక విన్న కథ గురించి రాశాడు. విన్న మాటే తప్ప చూసింది కాదు. అతను విన్న కథ మన సినిమా కథలా కూడా లేదు.

దాదీ చెప్పిన సమాధి మాత్రం నిజంగా ఉంది. లాహోర్‌లో ఎనిమిది మూలల కట్టడం అది. లోపల తెల్ల పాలరాతి సమాధి పెట్టె మీద అల్లా 99 పేర్లు చెక్కి ఉన్నాయి. 1599, 1615కి సరిపోయే రెండు హిజ్రీ సంవత్సరాలు, ప్రియురాలి కోసం తపిస్తూ చెప్పిన ఒక పర్షియన్ షేర్, కింద ‘మజ్నూన్ సలీం అక్బర్’ అని సంతకం లాంటి మాట కూడా ఉన్నాయి. కానీ అనార్కలి అనే పేరు దాని మీద లేదు. 1599లో చనిపోయిన సలీం భార్య సాహిబ్ జమాల్ సమాధి అయివుండొచ్చని కొందరు చరిత్రకారులు అంటారు. బ్రిటిష్ వాళ్ల రోజుల్లో దాన్ని కొన్నాళ్లు చర్చిగా వాడారు. ఇప్పుడు అక్కడ పంజాబ్ ప్రభుత్వ పాత రికార్డులు ఉంటాయి.

కథకు ఇప్పటి రూపం ఇచ్చింది లాహోర్ రచయిత ఇంతియాజ్ అలీ తాజ్. 1922లో ఆయన ఉర్దూలో రాసిన ‘అనార్కలి’ నాటకం నుంచే సినిమాలన్నీ పుట్టాయి. 1928లోనే మూకీ సినిమాలు వచ్చాయి. కాబట్టి దాదీ చెప్పిందీ సగం నిజం, అబ్బా చెప్పిందీ సగం నిజం. సమాధి ఉంది. అందులో ఉన్నది సినిమా అనార్కలి అనడానికి ఆధారం లేదు.

అసలు తండ్రీకొడుకుల కథ

అనార్కలి కల్పనే అయినా అక్బర్‌కీ సలీంకీ పడకపోవడం కల్పన కాదు. ఆ నిజం సినిమా కంటే బరువైనది.

అక్బర్‌కి మొదట కవలలు పుట్టారు, హసన్, హుసేన్ అని పేర్లు. నెల తిరగకుండానే పోయారు. పిల్లలు నిలవడం లేదన్న బాధతో ఆయన సీక్రీలో ఉన్న షేక్ సలీం చిష్తీ దగ్గరకు వెళ్లేవాడు. 1569 ఆగస్టు 31న అక్కడే కొడుకు పుట్టాడు. షేక్ పేరే పెట్టారు. మొక్కు ప్రకారం అక్బర్ ఆగ్రా నుంచి అజ్మీర్ దాకా కాలినడకన వెళ్లాడు. నాన్న నన్ను ఎప్పుడూ సలీం అని పిలవలేదు, ‘షేఖూ బాబా’ అనే పిలిచేవారని జహంగీర్ తన పుస్తకంలో చెప్పుకున్నాడు.

అంత ముద్దుగా పెరిగిన కొడుకు ముప్పై ఏళ్లు దాటాక అలహాబాద్‌లో సొంత దర్బారు పెట్టుకుని తండ్రిని ధిక్కరించాడు. 1602లో అక్బర్‌కి ప్రాణమిత్రుడైన అబుల్ ఫజల్‌ని దారి కాచి చంపించాడు. చంపింది బుందేలా రాజు బీర్‌సింగ్ దేవ్. చేయించింది తానేనని జహంగీర్ తన పుస్తకంలోనే ఒప్పుకున్నాడు. తండ్రికీ తనకీ మధ్య చిచ్చు పెట్టాడని కారణం చెప్పుకున్నాడు. తప్పు ఒప్పుకోవడం, దానికో సాకు వెతుక్కోవడం రెండూ ఒకే చోట కనిపిస్తాయి.

అయినా అక్బర్ కొడుకుని క్షమించాడు. ఇంటి పెద్ద ఆడవాళ్లు కలగజేసుకున్నారు. సలీమా సుల్తాన్ బేగం స్వయంగా అలహాబాద్ వెళ్లి సలీంని వెంటబెట్టుకొచ్చింది. మిగిలిన కొడుకులు మురాద్, దానియాల్ తాగుడుతో తండ్రి బతికుండగానే పోయారు. 1605 అక్టోబర్‌లో అక్బర్ కన్నుమూసేటప్పటికి ఆయనకు మిగిలింది ఆ షేఖూ బాబా ఒక్కడే.

కథ అక్కడితో ఆగలేదు. జహంగీర్ తఖ్తు ఎక్కి ఆరు నెలలు తిరగకముందే, 1606 ఏప్రిల్‌లో, అతని పెద్ద కొడుకు ఖుస్రో తిరగబడ్డాడు. తాను తండ్రికి చేసిందే తన కొడుకు తనకు చేశాడు. అక్బర్ క్షమించాడు, జహంగీర్ మాత్రం క్షమించలేదు. ఖుస్రో మనుషులను దారి పొడుగునా కొరత వేయించి, వాళ్ల మధ్య నుంచి కొడుకుని ఊరేగించాడు. తర్వాత మరో కుట్ర బయటపడితే కొడుకు కళ్లు పోగొట్టించాడు. 1622లో ఖుస్రో బుర్హాన్‌పూర్‌లో నిర్బంధంలోనే చనిపోయాడు.

ఖుస్రో తల్లి మాన్‌బాయి అప్పటికే లేదు. ఒకవైపు భర్త, ఒకవైపు కొడుకు, ఇద్దరి మధ్య నలిగి నల్లమందు మింగి ప్రాణం తీసుకుంది. ఆమె పోయాక నాలుగు రోజులు అన్నం నీళ్లు ముట్టలేదని జహంగీర్ రాసుకున్నాడు. అలహాబాద్‌లోని ఖుస్రో బాగ్‌లో తల్లీకొడుకుల సమాధులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. లాహోర్ సమాధిలో ఉన్నదెవరో చెప్పలేం కానీ ఇక్కడున్నదెవరో అందరికీ తెలుసు. ఈ ఇద్దరి మీద మాత్రం ఎవరైనా సినిమా తీసినట్టు గానీ, పాట కట్టినట్టు గానీ నాకు తెలీదు.

పిల్లలకు ఏం చెప్పాలి?

ఈ సినిమాలు పిల్లలతో కూర్చుని చూడదగ్గవే. మంచి ఉర్దూ వినిపిస్తుంది, మంచి తెలుగు వినిపిస్తుంది. కాకపోతే రెండు మాటలు ముందే చెప్పడం మంచిది.

ఒకటి, ఇది చరిత్ర పాఠం కాదు. ఎవరైనా ‘మీ బాద్‌షాలు ఆడపిల్లల్ని గోడల్లో పెట్టి చంపేవాళ్లు’ అని స్కూల్లో అన్నా, ఫోన్‌లో పంపినా, మన పిల్లలకు జవాబు తెలిసి ఉండాలి. అలాగని మొఘల్ బాద్‌షాలంతా తప్పు చేయనివాళ్లని కూడా నేర్పొద్దు. జహంగీర్ తన తప్పులు తానే రాసుకున్నాడు. ఆయన దాచనిది మనం దాచడం ఎందుకు?

రెండోది పిల్లల కంటే పెద్దలకు పనికొచ్చే మాట. ఖాందాన్ పేరు చెప్పి, రిష్తా మన స్థాయికి తగదని చెప్పి, పిల్లల ఇష్టాన్ని తోసేసిన ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. కొన్ని చోట్ల తండ్రి మాటే నెగ్గింది. తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తరు. సినిమాలో అక్బర్‌ని కాపాడటానికి ఒక ఉంగరం దొరికింది, ఒక సొరంగం దొరికింది. మన ఇళ్లలో అవి ఉండవు. కొడుకు పుట్టిన రోజు సంతోషంలో మనం కూడా ఏవేవో మాటలిస్తాం, మొక్కులు మొక్కుతాం. వాడు పెద్దయ్యాక ఆ బాకీ అడిగే రోజు వస్తుంది.

మా పాపకి ఇదంతా చెప్పలేదు. ‘గోడ సంగతి కథ బేటా, తండ్రీకొడుకులు కొట్టుకున్న సంగతి నిజం’ అని మాత్రం చెప్పాను. కాసేపు ఆలోచించి అడిగింది: ‘మరి అక్బర్ చివర్లో కొడుక్కి నిజం చెప్పేసి ఉంటే అయిపోయేది కదా?’

దాదీ ఏమీ అనలేదు. లేచి టీవీ కట్టేశారు.